పాత విమానాన్ని మంటలార్పే ట్యాంకర్‌గా మార్చడం ఎలా, పని అయిపోయాక దాన్ని కాపాడుకోవడం ఎలా

ఇది చదివేవాళ్లలో పెరట్లో బోయింగ్ నిలబెట్టుకున్నవాళ్లు ఎవరూ ఉండరని తెలుసు. అయినా రాస్తున్నాను. ఏరోనాటికల్ చదివే పిల్లలున్నారు, హ్యాంగర్లలో నైట్ షిఫ్టులు చేసే మెకానిక్‌లున్నారు, నాలాగా నెత్తి మీద చప్పుడు వినిపిస్తే పొయ్యి మీద పాలు వదిలేసి డాబా మీదకి పరిగెత్తేవాళ్లున్నారు. కాలిఫోర్నియా కార్చిచ్చు వార్తల్లో ఎర్రటి తెర దించుకుంటూ పోయే విమానాన్ని చూసి "అంత నీళ్లు దాన్లో ఎలా పట్టాయి, పైగా అంత కిందకి ఎలా దిగింది" అనుకున్నవాళ్లు ఎలాగూ ఉన్నారు.

మామూలుగా మార్చడం ఇంజినీర్ల పని, దాచడం మ్యూజియంవాళ్ల పని అని విడదీసి చూస్తారు. నాకు మాత్రం రెండూ ఒకే పనిలా కనిపిస్తాయి. పొట్ట కోయడానికి రంపం తీసిన రోజునే, నలభై ఏళ్ల తర్వాత ఈ విమానం ఎక్కడ నిలబడుతుందో ఆలోచించాలి. అలా ఆలోచించకపోతే ఏమవుతుందో, ఆలోచిస్తే ఏం మిగులుతుందో చెప్పడానికి మార్టిన్ మార్స్ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు, కాబట్టి అక్కడే మొదలుపెడతా.

మార్స్ అంటే అమెరికా నేవీ కోసం రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బాల్టిమోర్‌లో కట్టిన ఎగిరే పడవ. రెక్కల కొస నుంచి కొసకి 200 అడుగులు. నీళ్ల మీద దిగుతుంది, నీళ్ల మీంచే లేస్తుంది. 20 కావాలని ఆర్డర్ ఇచ్చి, యుద్ధం అయిపోవడంతో నమూనా విమానం కాక ఆరింటితో ఆపేశారు. 1956లో నేవీ వాటిని పక్కన పెట్టింది, తర్వాత తుక్కు కింద అమ్మకానికి వచ్చాయి. అప్పుడు కెనడాలో డాన్ మెకైవర్ అనే పైలట్ వాటిలో అప్పటికి మిగిలిన నాలుగింటిని చూసి, ఇవి తుక్కు కాదు, బ్రిటిష్ కొలంబియా అడవుల్ని కాపాడే నీళ్ల ట్యాంకులు అన్నాడు. కలప కంపెనీలు కలిసి ఫారెస్ట్ ఇండస్ట్రీస్ ఫ్లయింగ్ ట్యాంకర్స్ అనే సంస్థ పెట్టి కొన్నాయి. విమానాలతో పాటు విడి ఇంజిన్లు, విడిభాగాలు కూడా గుట్టలుగా కొన్నారు. ఈ ఒక్క వివరం గుర్తుపెట్టుకోండి, ఎందుకో కింద చెప్తా.

మొదట్లోనే రెండు పోయాయి. 1961లో మరియానాస్ మార్స్ మంటల మీదకి వెళ్లి కూలిపోయింది, లోపలున్న నలుగురూ చనిపోయారు. 1962 అక్టోబరులో ఒడ్డున నిలబెట్టిన కరోలిన్ మార్స్‌ని ఫ్రెడా తుఫాను ఎగరేసి పడేసింది. అక్కడితో ఎవరైనా చేతులెత్తేసేవాళ్లే. వీళ్లు మిగిలిన రెండింటినీ, అంటే ఫిలిప్పీన్ మార్స్‌నీ హవాయి మార్స్‌నీ, మార్పించి వాంకూవర్ ద్వీపంలోని స్ప్రోట్ సరస్సు దగ్గర కాపురం పెట్టించారు. సరస్సు మీద ఆగకుండా పడవలా దూసుకుపోతుంటే కింద బయటకి దించిన గొట్టాల్లోంచి నీళ్లు ఎగదన్నుకుని లోపలికి వస్తాయి. అర నిమిషం కూడా పట్టదు, 27 వేల లీటర్లు నిండుతాయి. సెకనుకి టన్ను పైమాటే. మన ఊళ్లో మోటార్ వేసి డాబా మీద వెయ్యి లీటర్ల ట్యాంకు నింపడానికి ఎంతసేపు పడుతుందో ఒకసారి తలుచుకోండి.

ఇక పనిలోకి వద్దాం.

ఏ విమానం తీసుకోవాలి

అందరూ మొదట అడిగేది "ఎంత మోస్తుంది" అని. అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, "నేల నుంచి 150, 250 అడుగుల ఎత్తులో, గంటకి 250 కిలోమీటర్ల చుట్టుపక్కల వేగంతో, కొండ లోయలోంచి వేడి గాలి తన్నుతుంటే మాట వింటుందా" అని. ప్రయాణికుల విమానం జీవితమంతా ఇలాంటి చోట్లకి వెళ్లకుండా ఉండటానికే తయారవుతుంది. దాన్ని తీసుకొచ్చి సరిగ్గా అక్కడికే రోజుకి ఆరేడుసార్లు పంపబోతున్నాం.

అందుకే కొన్ని విమానాలు ఈ పనికి పుట్టినట్టే ఉంటాయి. బ్రిటిష్ బీఏఈ 146, దాని తమ్ముడు ఆర్‌జే85 చూడండి. రెక్క బాడీకి పైభాగాన ఉంటుంది, నాలుగు చిన్న ఇంజిన్లు, చిన్న రన్‌వే చాలు, నెమ్మదిగా ఎగిరినా బెదరదు. ఒక్కోటి 11 వేల లీటర్ల పైచిలుకు మోస్తుంది. మోంటానాలో నెప్ట్యూన్ ఏవియేషన్ 146లు నడుపుతోంది, కెనడాలో కానెయిర్ ఆర్‌జే85లు మార్చింది. కానెయిర్‌వాళ్లే క్యూ400ని కూడా 10 వేల లీటర్ల ట్యాంకర్‌గా చేశారు. మన దగ్గర హైదరాబాద్ నుంచి రాజమండ్రికో కడపకో వెళ్లినవాళ్లలో చాలామంది ఎక్కిన ఆ పొడుగుకాళ్ల ప్రొపెల్లర్ విమానమే అది. ఈసారి ఎక్కినప్పుడు సీట్లు లేకుండా ఊహించుకోండి.

మరీ పెద్దవి కావాలంటే డీసీ-10 ఉంది. మూడు ఇంజిన్లు, ప్రయాణికులూ సామానూ లేకపోతే బలం బోలెడు మిగులుతుంది, ఇప్పుడు దాదాపు 35 వేల లీటర్లు మోస్తోంది. 2006 నుంచి మంటల మీదకి వెళ్తోంది. అంతకంటే పెద్దది కావాలని 747ని కూడా మార్చారు. 70 వేల లీటర్లకు పైగా, లోపల గాలి ఒత్తిడితో బయటకి తోసే పద్ధతి. 2017లో చిలీకి, 2019లో బొలీవియాకి వెళ్లింది, చూడటానికి కన్నుల పండగ. కానీ దాన్ని దించే రన్‌వేలు ఎన్ని? నిప్పు ఉన్నచోటికి దగ్గర్లో అంత ద్రవం కలిపి నింపే స్థావరాలు ఎన్ని? 2021లో ఆ కంపెనీ మూతపడింది, విమానం సరుకులు మోసే పనికి వెళ్లిపోయింది. ఎక్కువ మోసేదాని కంటే ఎక్కువసార్లు తిరిగి వచ్చేదే పనికొస్తుందని నా లెక్క. 747 అభిమానులు తిట్టుకున్నా సరే.

ఇంకోటి, విడిభాగాలు. పైన మార్స్ కథలో గుర్తుపెట్టుకోమన్నది ఇదే. అప్పుడే ఎయిర్‌లైన్లు వదిలించుకుంటున్న రకం తీసుకుంటే, దాని అన్నదమ్ములు ఎడారిలో వరసగా నిలబడి ఉంటాయి, ఇంజిన్లూ చక్రాలూ తక్కువకి దొరుకుతాయి. కెనడా కంపెనీ కౌల్సన్ అమెరికాలో సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ వదిలేసిన 737-300లు ఒకేసారి అరడజను కొన్నది అందుకే.

రెక్క దగ్గర రాజీ వద్దు

ఈ భాగం కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

2002 జూన్ 17న కాలిఫోర్నియాలో వాకర్ అనే ఊరి దగ్గర సీ-130ఏ అనే సైనిక రవాణా విమానాన్ని మార్చిన ట్యాంకర్ ఒకటి రిటార్డెంట్, అంటే మంట పాకకుండా అడ్డుకునే ఎర్ర ద్రవం, వదులుతుండగా రెక్కలు రెండూ విరిగిపోయాయి. ముగ్గురు పోయారు. ఎవరో తీసిన వీడియోలో అది కనిపిస్తుంది, నేను ఒకసారే చూశాను, రెండోసారి చూడలేను. నెల తిరగ్గానే జులై 18న కొలరాడోలో ఎస్టెస్ పార్క్ దగ్గర యుద్ధకాలం నాటి ప్రైవటీర్ బాంబర్‌ని మార్చిన ట్యాంకర్‌కి రెక్క ఊడింది, ఇద్దరు పోయారు. రెండిట్లోనూ కారణం ఒకటే, లోహపు అలసట. రెక్కలో ఎక్కడో వెంట్రుక మందం పగులు మొదలై, ఎవరి కంటా పడకుండా పెరుగుతూ పోయింది. 2004లో అమెరికా ప్రభుత్వం 33 పెద్ద ట్యాంకర్ల కాంట్రాక్టులు ఒక్కసారిగా రద్దు చేసింది.

ఇనప తీగని అటూ ఇటూ వంచి తెంపడం చిన్నప్పుడు అందరం చేసిందే. రెక్క కూడా ఎగిరిన ప్రతిసారీ కాస్త పైకి వంగుతుంది, దిగాక కిందకి వస్తుంది. ఎయిర్‌లైన్‌లో ఆ వంపులు లెక్క ప్రకారం, మెత్తగా ఉంటాయి. మంటల మీద అలా కాదు. నిండు బరువుతో లోయలోకి దూకుతుంది, వేడి గాలి కింద నుంచి గుద్దుతుంది, కొన్ని సెకన్లలో పది పదిహేను టన్నులు దిగిపోతాయి, రెక్క మాత్రం ఇంకా ఆ బరువుని మోస్తున్నంత బలంగానే పైకి లాగుతుంటుంది, పైలట్ ముక్కు ఎగరకుండా నొక్కిపెట్టి మళ్లీ కొండ దాటడానికి పైకి లాగుతాడు. ఇలాంటి ఒక గంటని మామూలు ఎగురుడులో ఒక గంటతో సమానంగా లాగ్‌బుక్కులో రాసుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

కాబట్టి చెయ్యాల్సింది ఇది. కొనేముందు ఎన్ని గంటలు ఎగిరిందో మాత్రమే చూడకండి, ఎన్నిసార్లు లేచి దిగిందో చూడండి. రెక్క మూలం దగ్గర, అంటే రెక్క బాడీలోకి దిగే చోట, పలకలు విప్పి ఎడ్డీ కరెంట్‌తో (లోహంలో కరెంటు పుట్టించి పగుళ్లు పట్టే పద్ధతి), అల్ట్రాసౌండ్‌తో పరీక్ష చేయించండి, పైన అతుకు పలక వేసి ఉంటే దాని కింద ఏముందో తప్పకుండా చూడండి, ఎందుకంటే పగులు దాక్కునేది అక్కడే. రెక్క దూలాల మీద లోహం ఎంత సాగిందో కొలిచే స్ట్రెయిన్ గేజిలు, బాడీలో కుదుపుల్ని కొలిచే యాక్సిలరోమీటర్ పెట్టి ప్రతి ట్రిప్పులో ఎంత ఒత్తిడి పడిందో రికార్డు చేయండి. ఆ లెక్కని బట్టి తనిఖీల మధ్య వ్యవధి తగ్గించుకోండి. తయారీ కంపెనీ ఇంకా బతికి ఉండి డ్రాయింగులు ఇచ్చే స్థితిలో ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఖాళీ చేసి, తూచి, ట్యాంకు పెట్టడం

సీట్లు, వంటగది, బాత్రూములు, తల మీది సామాను అరలు, కార్పెట్ అన్నీ బయటకి. చాలా వాటిలో క్యాబిన్‌కి గాలి ఒత్తిడి ఇచ్చే ఏర్పాటు కూడా అక్కర్లేదు, అంత ఎత్తుకి ఎలాగూ పోదు. తీసిన ప్రతిదానికీ చీటీ కట్టి, ఫొటో తీసి, తూకం రాసి పెట్టండి. పారేయాల్సిందే అయినా ఒక సెట్ సీట్లు, ఒక వంటగది దాచండి. ఆ మాట ఇప్పుడు పిచ్చిగా అనిపిస్తుంది, ఏ మ్యూజియంవాళ్లని అడిగినా అనరు.

తర్వాత విమానాన్ని తూచి బరువు కేంద్రం ఎక్కడుందో లెక్కకట్టాలి. బళ్లో గరిమనాభి అని చదువుకున్నదే. కావడి మోసేవాడి భుజం ఎక్కడుంటుందో అదే. కావడిలో ఒక పక్క కుండ ఒక్కసారిగా ఖాళీ అయితే ఏమవుతుందో తెలుసుగా, విమానంలో కూడా అంతే, ట్యాంకు ఆ భుజానికి ముందో వెనకో ఉండి ఖాళీ అయితే ముక్కో తోకో లేస్తుంది. అందుకే ట్యాంకు సరిగ్గా రెక్క కింద, భుజం మీద ఉండాలి.

యుద్ధకాలం నాటి బాంబర్లు తర్వాత ఇంత మంచి ట్యాంకర్లు ఎందుకయ్యాయో ఇక్కడే అర్థమవుతుంది. బాంబులు కూడా ఒక్కసారిగా దిగిపోయే బరువే కదా. బాంబు గదిని వాళ్లు ఆ కారణంగానే సరిగ్గా బరువు కేంద్రం దగ్గర కట్టారు, కింద తలుపులు కూడా ముందే ఉన్నాయి. బీ-17లో గానీ అవెంజర్‌లో గానీ ట్యాంకు దించితే ఎక్కువ కోతలు లేకుండానే కూర్చుంటుంది. విప్పితే మళ్లీ బాంబరే. ఇవాళ మ్యూజియంలలో, ఎయిర్ షోలలో కనిపించే బీ-17లలో చాలా వాటికి ఒకప్పుడు మంటల మీద పనిచేసిన చరిత్ర ఉంది. అరిజోనాలో ఉండే సెంటిమెంటల్ జర్నీ 1978లో విమాన ప్రేమికుల చేతికి వచ్చేదాకా ట్యాంకరే. తుక్కు కొట్టుకి వెళ్లకుండా వాటిని ఆపింది దేశభక్తీ కాదు, జ్ఞాపకాలూ కాదు. చేతిలో పని ఉండటం.

ప్రయాణికుల విమానంలో అంత అదృష్టం లేదు. రెక్క బాడీకి కింది భాగాన ఉండే రకాల్లో మనం ట్యాంకు పెట్టాలనుకున్న చోట రెండు రెక్కల్నీ కలిపే గట్టి పెట్టె అడ్డంగా ఉంటుంది. దాన్ని ముట్టుకోకూడదు. అందుకని ట్యాంకుని దానికి ముందూ వెనకా పంచి రెండూ సమంగా ఖాళీ అయ్యేలా చూడాలి, లేదా డీసీ-10లో లాగా బయట పొట్ట కింద వేలాడదీయాలి. బయట పెడితే లోపల కోత తక్కువ, గాలికి అడ్డం ఎక్కువ, లేచేటప్పుడు నేలకి తగలకుండా లెక్క చూసుకోవాలి. లోపల పెడితే పొట్టకి పెద్ద కంత పడుతుంది. విమానం చర్మం ఊరికే కప్పిన రేకు కాదు, బరువు మోసే భాగం, కాబట్టి కంత చుట్టూ చౌకట్టులా బలమైన అంచు కట్టి, మోసే బరువుని పక్కలకి మళ్లించాలి. కౌల్సన్ 737లో 15 వేల లీటర్ల ట్యాంకు పెట్టి కూడా 70 మంది దాకా కూర్చునే సీట్లు ఉంచారు, మంటలు లేనప్పుడు సిబ్బందిని మోస్తుందని. నాకు ఆ ఆలోచన బాగా నచ్చింది.

ట్యాంకు లోపల అడ్డుగోడలు ఉండాలి. లేకపోతే సగం నిండిన బిందెని చంకనెత్తుకుని పరిగెత్తినట్టే, విమానం ఎటు వంగితే నీళ్లు అటే తోస్తాయి. పైన గాలి రంధ్రాలు పెద్దవిగా ఉండాలి. సన్న మూతి సీసా బోర్లిస్తే గుడగుడమంటూ ఆగి ఆగి పడుతుంది చూడండి, గాలి లోపలికి రావడానికి దారి లేక. ఇక్కడ కొన్ని సెకన్లలో వేల లీటర్లు దిగాలి, అంత గాలీ లోపలికి రావాలి, లేకపోతే ట్యాంకు లోపలికి నొక్కుకుపోతుంది.

తలుపుల సంగతి. పాత పద్ధతిలో ట్యాంకుని గదులుగా చేసి, గదికో తలుపు పెట్టి, ఒకటొకటిగానో అన్నీ కలిపో తెరిచేవాళ్లు. ధబ్బున పడుతుంది, మధ్యలో గుంట, పక్కన పొడి. కాలిఫోర్నియాలోని ఏరో యూనియన్ తయారుచేసిన పద్ధతిలో కంప్యూటర్ తలుపుల్ని కొద్దికొద్దిగా తెరుస్తూ పోతుంది, ట్యాంకులో మట్టం తగ్గేకొద్దీ ఇంకాస్త తెరుస్తుంది, దాంతో మొదటి నుంచి చివరిదాకా ధార ఒకేలా ఉంటుంది. అమ్మ వాకిట్లో కల్లాపి చల్లినట్టు పడాలి, బకెట్ ఎత్తి కుమ్మరించినట్టు కాదు. కంప్యూటర్ పోయినా, కరెంటు పోయినా, ఒక్క లివర్ లాగితే మొత్తం దిగిపోయేలా వేరే ఏర్పాటు మాత్రం తప్పనిసరి. ఒక ఇంజిన్ ఆగిపోయిన విమానానికి ఆ లివరే ప్రాణం.

తలుపు ఎక్కడ తెరుచుకుంటుందన్నది కూడా చూసుకోవాలి. ఎండీ-87కి ఇంజిన్లు తోక దగ్గర ఉంటాయి. మొదట్లో ఎక్కువ మోతాదులో ద్రవం వదిలినప్పుడు ఇంజిన్లు తడబడ్డాయి, 2014లో వాటిని పక్కన పెట్టి, తలుపులు పొట్టకి ఇంకా కిందకి వచ్చేలా అడుగున పెట్టెలాంటిది బిగించాక మళ్లీ పంపారు. కాగితం మీద గీసినప్పుడు ఇది ఎవరికి తడుతుంది చెప్పండి.

ఇంత తలనొప్పి వద్దనుకుంటే ఒక దారి ఉంది. సీ-130 వెనక తలుపులోంచి మొత్తం ట్యాంకుని చక్రాల మీద తోసి బిగించే మాఫ్స్ అనే యూనిట్ అమెరికా సైన్యం వాడుతుంది. దాదాపు 11 వేల లీటర్లు, ఐదు సెకన్లలో బయటకి. పని అయ్యాక దించేస్తే విమానం మళ్లీ సరుకులకి రెడీ, దాని ఒంటి మీద శాశ్వతమైన కోత లేదు. కాపాడుకోవడం దృష్టితో చూస్తే దీనికి మించిన మార్పు లేదు.

ఎర్ర ద్రవం

అందులో ఉండేది ప్రధానంగా అమ్మోనియం ఫాస్ఫేట్. అంటే మన రైతులు బస్తాల్లో కొనే డీఏపీకి దగ్గరి చుట్టం. రంగు ఐరన్ ఆక్సైడ్‌ది, పైలట్‌కి తను గీసిన గీత ఎక్కడిదాకా వచ్చిందో కనపడాలని. నీళ్లు ఆరిపోయినా ఇది ఆకుల మీద, గడ్డి మీద అంటుకుని ఉండి, వేడి తగిలినప్పుడు అవి మండే వాయువులు వదలకుండా బొగ్గులా మారేలా చేస్తుంది. అందుకే దీన్ని మంట మీద కాదు, మంట రాబోయే దారిలో గీస్తారు. మంటని ఆర్పేది ఆఖరికి నేల మీద పారలు పట్టుకున్న మనుషులే, విమానం వాళ్లకి టైమ్ కొనిపెడుతుంది.

విమానానికి మాత్రం ఇది పగవాడు. లీటరు నీళ్ల కంటే కొంచెం బరువు, అల్యూమినియాన్నీ ఉక్కునీ కొరుకుతుంది. రోజూ పని అవగానే పొట్ట, తోక, చక్రాల గదులు మంచినీళ్లతో కడగాలి. కీళ్లకి గ్రీజు, అతుకులకి సీలెంట్. ఒక్కరోజు బద్ధకిస్తే ఇరవై ఏళ్ల తర్వాత మ్యూజియంవాళ్లు పలక విప్పినప్పుడు తెల్లటి పొడి రాలుతుంది. సరస్సు నీళ్లు తోడే మార్స్ లాంటివి ఈ విషయంలో కాస్త అదృష్టవంతులు, వాటికి ఎక్కువగా నీళ్లూ నురగా చాలు.

పరీక్ష

దీని గురించి చెప్తే ఎవరూ నమ్మరు. పెద్ద మైదానంలో వరసలుగా వేల కప్పులు పెడతారు. విమానం పైనుంచి వచ్చి ద్రవం వదులుతుంది. తర్వాత మనుషులు వెళ్లి ఒక్కో కప్పుకీ మూత పెట్టి, తూచి, రాసుకుంటారు. ఎక్కడ పల్చగా పడింది, ఎక్కడ ఒత్తుగా పడిందన్నది అలా తెలుస్తుంది. వంద చదరపు అడుగులకి ఒక గ్యాలన్ అంటే ఒకటో స్థాయి, గడ్డికి అలాంటి పల్చటిది చాలు, దట్టమైన అడవికి ఆరు, ఎనిమిది కావాలి. ఇది నెగ్గాక, విమానయాన సంస్థ నుంచి ఈ మార్పుకి అనుబంధ టైప్ సర్టిఫికెట్, అంటే మార్చిన విమానం ఎగరొచ్చని ఇచ్చే అనుమతి, వచ్చాక గానీ పని దొరకదు. కాగితాల పని రెక్క పనంత పొడుగ్గా ఉంటుంది, వర్ణించి మీ ప్రాణం తీయను. ఆ కాగితాల్లో ఒక్కటీ పారేయకండి, అంతే.

పని అయిపోయాక

మార్స్ చివరిసారి మంటల మీదకి వెళ్లింది 2015లో. 2007లో కౌల్సన్ చేతికి వచ్చిన రెండింటిలో, హవాయి మార్స్ 2024 ఆగస్టు 11న స్ప్రోట్ సరస్సు మీంచి లేచి, పక్కన కెనడా వైమానిక దళం స్నోబర్డ్స్ జట్టు తోడు రాగా, విక్టోరియా దగ్గర పాట్రిసియా బేలో దిగింది. ఇప్పుడు అక్కడి బ్రిటిష్ కొలంబియా ఏవియేషన్ మ్యూజియంలో ఉంది. ఫిలిప్పీన్ మార్స్ 2025 ఫిబ్రవరిలో అరిజోనా చేరింది, టూసాన్‌లోని పీమా మ్యూజియం కోసం. ఎడారి మ్యూజియానికి ఎగిరే పడవ ఎలా వెళ్తుందంటారా? దగ్గర్లోని రిజర్వాయర్‌లో దిగింది, అక్కణ్ణుంచి విప్పి రోడ్డు మీద తీసుకెళ్లాల్సిందే.

ఈ అక్కాచెల్లెళ్లలో ఒకరు ఎరుపు తెలుపు ట్యాంకర్ రంగుల్లో ఉంటే, ఇంకొకరికి నేవీ ముదురు నీలం వేశారు. నాకు ఎరుపే న్యాయంగా తోస్తుంది. నేవీలో ఇవి పనిచేసింది పదేళ్ల చిల్లర, అడవుల మీద అర శతాబ్దం. ఏ పాత విమానమైనా చేతికి రాగానే యుద్ధం రంగులు వేసి, ట్యాంకు పీకేసి, బొమ్మ తుపాకులు బిగించే అలవాటు ఒకటి ఉంది. అది తప్పని అనను గానీ, తొందర వద్దు. ముందు ఏ కాలం నాటి విమానంగా దాచబోతున్నారో తేల్చుకోండి. తీసేసేవి ఏవైనా పారేయకుండా పక్కన పెట్టండి, పాత రంగు పొరల్ని ఒక చోట అరచేయంత మేర గోకకుండా వదిలేయండి, తర్వాతివాళ్లు చూసుకుంటారు.

ఎగిరేలా ఉంచాలా, నిలబెట్టాలా అన్నది ఇంకో తగువు. ఎగిరితే మెకానిక్‌ల చేతి పని బతుకుతుంది, ఆ ఇంజిన్ల చప్పుడు బతుకుతుంది. కానీ నైన్-ఓ-నైన్ అనే పేరుతో తిరిగిన బీ-17, అది కూడా ఒకప్పుడు మంటల ట్యాంకరే, 2019 అక్టోబరు 2న కనెక్టికట్‌లో కూలి ఏడుగురు చనిపోయారు. ఆఖరి ఒకటో రెండో మిగిలిన రకమైతే నిలబెట్టడానికే నా ఓటు.

నిలబెట్టేటప్పుడు చెయ్యాల్సినవి గబగబా చెప్తా. రిటార్డెంట్ ఆనవాలు లేకుండా కడిగి, ఆరబెట్టి, ఇంధనం, హైడ్రాలిక్ ఆయిల్, బ్యాటరీలు తీసేయండి. మార్స్‌కి ఉన్నలాంటి 18 సిలిండర్ల రేడియల్ ఇంజిన్లయితే కింది సిలిండర్లలోకి నూనె దిగి పేరుకుంటుంది, స్పార్క్ ప్లగ్గుల చోట తేమ పీల్చే ప్లగ్గులు పెట్టి, లోపల నిల్వ నూనె కొట్టి, అప్పుడప్పుడూ చేత్తో తిప్పండి. బరువు టైర్ల మీద వదలకుండా స్టాండ్ల మీదకి ఎత్తండి. పొట్ట కింద నీళ్లు కారే రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో ప్రతి వానకీ ముందు చూడండి, కానీ ఇంజిన్ మూతులకీ గాలి దారులకీ జాలీ కొట్టండి, లేకపోతే పావురాలు కాపురం పెడతాయి, వాటి రెట్ట రిటార్డెంట్ కంటే తక్కువేం కాదు. పాత మీటర్ల మీద చీకట్లో మెరిసే రంగు ఉంటే అది రేడియం కావచ్చు, గోళ్లతో గీరకండి, తెలిసినవాళ్లతో కొలిపించండి. పైకప్పు ఉంటే సగం జబ్బులు రావు.

చోటు మార్చాల్సి వస్తే బోల్టులు విప్పాలి, రెక్క కోయకూడదు. బోల్టు రాకపోతే వారం రోజులు నూనెలో నానబెట్టండి, కానీ గ్యాస్ కట్టర్ తీయకండి. దూలం కోసిన రెక్కని మళ్లీ అతికినా అది బొమ్మే. ఈ పని ఎలా ఉంటుందో మన విశాఖవాళ్లకి తెలుసు. 29 ఏళ్లు నేవీలో పనిచేసిన టీయూ-142ని 2017లో విశాఖకి ఎగరేసుకొచ్చి, నేవీ ఎయిర్‌ఫీల్డ్‌లో భాగాలుగా విప్పి, బీచ్ రోడ్డుకి తెచ్చి మళ్లీ కలిపారు. 50 మీటర్ల రెక్కలు. ఇప్పుడు కురుసుర జలాంతర్గామికి ఎదురుగా నిలబడి ఉంటుంది. ఒకటే బాధ, సముద్రం రోడ్డు అవతలే ఉంది. ఆ ఉప్పుగాలికి బీచ్ రోడ్డులో ఇళ్ల కిటికీ ఊచలు ఏమవుతాయో అక్కడివాళ్లని అడగండి. అలాంటి చోట కడగడం, రంగు కొట్టడం వేసవికోసారి చేసే ముచ్చటగా కాక నెలవారీ పనిగా పెట్టుకోవాలి.

ఇక కాగితాలు. లాగ్‌బుక్కులు, మార్పు డ్రాయింగులు, ఏ మంట మీద ఎన్ని ట్రిప్పులు వేసిందో రాసిన పుస్తకాలు, అన్నీ విమానంతో పాటే వెళ్లాలి. పైలట్లూ మెకానిక్‌లూ బతికుండగానే కూర్చోబెట్టి మాట్లాడించి రికార్డు చేయండి. ఏ లివర్ కాస్త బిగుసుగా ఉండేది, ఏ వాల్వుని సుత్తితో ఎక్కడ తట్టాలి అన్నది ఏ మాన్యువల్లోనూ ఉండదు.

ఇంకొక్కటి. ట్యాంకు తలుపుని రేకు కొట్టి మూసేయకండి. హైడ్రాలిక్ లేకపోయినా చేత్తో కొట్టే చిన్న పంపు తగిలించి, కనీసం ఒక్క తలుపు తెరిచి మూసేలా ఉంచండి. విమానం కిందకి వచ్చిన ప్రతి పిల్లాడూ అడిగేది ఒకటే, నీళ్లు ఎక్కణ్ణుంచి పడతాయని. పంపు పిడి వాడి చేతికే ఇవ్వండి.